వెరోనా దిమ్మల కాడికి

బోరబండ,
6-7-2025

తమ్ముడు రాజుకు అన్న మొగిలి రాసేది.

నా రాత కోడి గెలికినట్టు ఉంటది, అచ్చరాలు తప్పులు పోతయి, మనసుల పెట్టుకోకు. నాలుగో తరగతి కాడనే బడి బందైంది, నీకెరుకే. సుత్తి పట్టిన చేతికి పెన్ను మరీ తేలిక, అందుకే వణుకుతది. ఫోన్ల మాట్లాడొద్దని వకీలు చెప్పిండు. రికార్డు అయితదట, నీ కేసుకు మంచిది కాదట. నువ్వేమో జమానతు మీద జైలు బయట ఉన్నోనివి, కేసు తేలేదాక పట్నంల అడుగు పెట్టొద్దని కోర్టు చెప్పె. ఇగ మనకు కాయితమే దిక్కు.

ఈడ నేను, బిడ్డ రజిత ప్రాణంతోటి ఉన్నం. కుమార్ పోయి ఆర్నెల్లు నిండినయి. మొన్న ఫొటోకు దండ మార్చిన.

ఒక సంగతి చెప్పాలె. ఎట్ల చెప్పాల్నో తెలుస్తలేదు. మన రాయి యార్డు సురేంద్ర సార్ సెప్టెంబరుల ఇటలీ దేశం పోతున్నడు, రాయి కొననీకి. నార్సింగిల ఒక సాఫ్ట్‌వేర్ ఆయన విల్లాకు నేలంత ఆ దేశం రాయే కావాలంట. పోయినసారి ఓడల వచ్చిన దిమ్మలు కోస్తే రెండిట్ల లోపల బీటలు. అందుకని నన్ను తోలుకపోతనంటున్నడు. సుత్తి తోటి కొట్టి విని చెప్పాలంట. గణగణమంటే మంచి రాయి, బొదబొదమంటే లోపల బీట. యార్డుల నేను మంచిదే అన్నంకనే ఏ పలకైన ఎత్తుతరు గదా, గట్లనే ఆడ గూడ.

నువ్వు పగలగొట్టిన భుజంల సార్‌కు ఇంక రాడ్లున్నయి. ఎడమ చెయ్యి మీదికి లేస్తలేదు.

నేను ఔననలే, కాదనలే. నువ్వు ఎట్లంటే అట్ల. మరదలు పోచమ్మ అన్నం తింటున్నదా? జల్ది జవాబు రాయి.

నీ అన్న,
మొగిలి


బండమీదిగూడెం,
12-7-2025

అన్నా,

నీ ఉత్తరం చదివి పొయ్యిల పెట్టిన. మళ్ళ నేనే గుంజిన. సగం కాలింది. మిగిలిన సగం నిన్నటి సంది చదువుతున్న.

సార్ అంటివి. సార్! నా కొడుకును పలకల కింద పచ్చడి చేసినోడు నీకు సార్. ఇరవై నాలుగేండ్ల పోరడు నా కుమార్, అన్నా. దవాఖానల గుడ్డ తీస్తే పోచమ్మ మొఖం చూడలే, చూడనీకి మొఖం లేకుండె. కాలి బొటనవేలు చూసి నా కొడుకే అన్నది. నువ్వు ఆడనే ఉంటివి. గోడకు ఒరిగి నిలవడితివి. ఒక్క మాట మాట్లాడకపోతివి. ఎప్పుడు మాట్లాడినవ్ గనుక.

ఆ పొద్దు లారీ నిలవడ్డదని నీ సార్ మెట్ల మీద నిలవడి ఒర్లిండట, యార్డుల అందరు చెప్పిన్రు. జల్ది జల్ది అని ఒర్లినంకనే పలక ఎత్తిన్రు, పగిలి పడ్డది. పదోనాడు నేను సమ్మెట తీస్కొని పోయిన. తలకాయ మీదికే ఎత్తిన. కుక్క, పక్కకు ఒరిగిండు, భుజం దొరికింది. ఆ బొక్క ఇరిగిన సప్పుడు నాకు ఇంక చెవుల్ల ఉన్నది. నలభై దినాలు జైల్ల ఉంటే ఏడుసార్లు కొట్టిన్రు. నేను పదిసార్లు కొట్టిన.

ఇప్పుడు నువ్వు వాని పక్కన విమానంల కూసుంటవా? కిటికీ సీటు అడిగినవా? వచ్చేటప్పుడు నాకేం తెస్తవ్, సెంటు సీసనా, సబ్బు బిళ్ళనా?

రజిత ఎవరికి చెప్పిందో ఏమో, కల్లు కాంపౌండు కాడ సక్కుబాయి మొగడు "మీ అన్న ఫారిన్ పోతుండటగదనే" అని ఇకిలించిండు. రెండు పండ్లు రాలగొట్టిన. పంచాయితి పెట్టిన్రు. పెట్టుకోనీ.

పోయినవంటే నాకు అన్న లేడు. గంతే.

రాజు


బోరబండ,
20-7-2025

తమ్ముడు రాజుకు అన్న రాసేది. ఈసారి గీతల కాయితం కొన్న, నా రాత ఒక వరుసల ఉంటదేమోనని. ఉంటలేదు.

నువ్వు రాసింది చదివిన. సక్కుబాయి మొగనికి పండ్లు కట్టించు. ఆయన ముసలోడు, నమలనీకి కష్టమైతది.

మొన్న సార్ నన్ను కారుల కూసోబెట్టి వీసా ఆఫీసుకు తీస్కపోయిండు. కాదనలేకపోయిన. పాస్‌పోర్టు పోయినేడే చేయించి పెట్టిండు. ఆడ మిషన్ మీద వేళ్ళు పెట్టమన్నరు. ఏం పడలే. తుడిసి పెట్టమన్నరు. పడలే. ఆ పిల్ల నా వేళ్ళు తిప్పి చూసి "అంకుల్, మీకు గీతలే లేవండి" అన్నది. యాభై ఏండ్లు రాయి పట్టినంక గీతలుంటయా. తిరిగి చూస్తే వెనక నిలవడ్డోళ్ళు నవ్వుతున్నరు. నాకు సిగ్గయింది. నాలుగు దినాలు పని బంద్ జేసి, చేతులకు గ్లిజరిన్ రాసుకొని మళ్ళ రమ్మన్నరు. ఇంట్ల కూసున్న. చేతులు నావి గానట్టున్నయి.

ఏ ఊర్లకు పోవాల్నో ఉమాశ్రీ మేడమ్ కాయితం రాస్తున్నది. ఆమె కొండాపూర్‌ల ఇండ్ల లోపలి డిజైన్లు చేస్తది, ఆ విల్లా పని ఆమెదే. కోస్తా దిక్కు మనిషి, మంచిగ అండీ అండీ అంటది. "మొగిలిగారూ, మీకు చలి పడుతుందా అండి? స్వెటర్ కొనుక్కోండి" అన్నది. నన్ను గారు అన్నది ఆమె ఒక్కతే. మిలాన్, వెరోనా, పాడువా, వెనిస్ అని నాలుగు ఊర్ల పేర్లు రాసిచ్చింది. రాయి దిమ్మలు చూసేది వెరోనలనట. పాడువల గుడి గోడల మీద బొమ్మలున్నయట, అవి చూడకుండ వస్తే పాపమన్నది.

మన రజిత హైటెక్ సిటీ ఆఫీసుల నేల తుడుస్తది గదా, అన్నం టైముల ఫోన్ల ఆ ఊర్లన్ని చూసొచ్చి నాకు చూపెడతది. వెనిస్‌ల రోడ్లు లేవట. ఇంటి ముందట నీళ్ళేనట, బస్సు బదులు పడవనట. "వానొస్తే మాదాపూర్ గిట్లనే ఉంటది గద నాయినా, వీసా ఎందుకు" అంటది. పోరి నవ్విస్తది.

నేను షోకుకు పోతలేను రాజు. పోతే నీకే మంచిదైతది. అన్ని కాయితంల రాయలేను. నువ్వే అర్థం చేస్కో.

జల్ది రాయి. కోపం తోటైన రాయి.

మొగిలి


బండమీదిగూడెం,
27-7-2025

అన్నా! నా అన్నా!

నీ కాళ్ళు మొక్కుత. నేను గాడిదను. నిన్ను ఎన్ని మాటలన్న. ఇప్పుడు సమజైంది. "పోతే నీకే మంచిదైతది, కాయితంల రాయలేను" అంటివి సూడు, అది చదివి రెండు దినాలు బుర్ర గోక్కున్న. మూడోనాడు మేకకు ఆకు కోస్తుంటే మెరిసింది. నువ్వు మాట్లాడవు గని లోపల అంత పెట్టుకుంటవ్. అమ్మ గిట్లనే ఉండె.

ఆడనే వాని పని ఖతం చేస్తవ్.

మంచి జాగ అన్నా. ఆ దేశంల మన పోలీసోళ్ళు లేరు, మన కోర్టు లేదు. ఆడ చచ్చినోని కేసు ఆడనే మునుగుతది. నేను నువ్వు రాసిన ఊర్లన్ని పట్టి ఆలోచన చేసిన. మిలాన్ వద్దు. పెద్ద షహర్, కెమెరాలుంటయి. వెనిస్ మంచిదే. వానికి భుజంల ఇనుమున్నది, ఒక చెయ్యి లేస్తలేదంటివి, పడవ మీద ఫొటో దిగమని చెప్పి ఒక్కటి నూకితే రాయి మునిగినట్టు మునుగుతడు. నేను విరగ్గొట్టిన భుజమే వాన్ని ముంచుతది. ఆ మాట అనుకుంటే నాకు ఆర్నెల్ల సంది రాని నిద్ర వచ్చింది.

అయినా వెరోనానే వెయ్యి పాళ్ళు మంచిదన్నా. ఆడ దిమ్మలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటయి గదా, మన యార్డుల తీరే. కింద చెక్క పెట్టి ఆపుతరు. వాన్ని దిమ్మ ముందట నిలవెట్టి "సార్, గీ గీత సూడుండ్రి" అను. వాడు వంగుతడు. నువ్వు గుణపం తోటి చెక్క తియ్యి. గంతే. నీ చెయ్యి పడ్డట్టు గూడ ఉండదు. నా కొడుకు ఎట్ల పోయిండో వాడు గట్లనే పోవాలె. ముందుగాల కాళ్ళు నలగాలె. తల ఆఖరికి. వానికి తెలియాలె.

ఆ మేడమ్ రాసిన కాయితం మొత్తం నకలు రాసి పంపు. ఏ దినం ఏ ఊర్ల ఉంటరో నాకు కావాలె. ఆ గంటకు ఈడ ఎల్లమ్మకు యాటను కోస్త.

నీ తమ్ముడు
రాజు

పోచమ్మకు చెప్పలే. ఆమె వద్దంటది.


బోరబండ,
3-8-2025

తమ్ముడు రాజుకు.

నీ ఉత్తరం చదివిన. అచ్చరాలు సమజ్ కాకుంటే మళ్ళ చదువు.

నువ్వు అనుకున్నది నేను అనలే. నేను గట్ల ఎన్నడు అనుకోలే.

నేనన్నది వేరే. సార్ నాతోటి ఒక మాట అన్నడు. "మొగిలీ, ఈసారి దిమ్మలు మంచియి ఏరి పెట్టు. నీ తమ్ముని కేసుల రాజీకొస్త. దెబ్బ వెనక నుంచి పడ్డది, కొట్టినోన్ని చూడలేదని కోర్టుల చెప్త" అన్నడు. వకీలును అడిగిన. గట్ల చెప్తే నువ్వు బయటపడతవట, లేకుంటే ఏడేండ్లయినా పడొచ్చట. నీకు యాభై ఆరు. అందుకే పోతనన్న.

వీసా వచ్చింది. మూడోసారి రెండు వేళ్ళు పడ్డయి, అవే చాలన్నరు. సెప్టెంబరు 20 నాడు శనివారం పొద్దుగాల విమానం. ఉమాశ్రీ మేడమ్ మూడుసార్లు కాయితం మార్చింది. మిలాన్‌ల రెండు దినాలంటది, సార్ ఒక్కటే అంటడు. "సార్, అంత దూరం వెళ్ళి ఊరు చూడకుండా రాళ్ళు చూస్తారా అండి" అని ఆమె. "రాళ్ళ కోసమే గదమ్మా పోయేది" అని ఆయన. ఇద్దరు కొట్లాడి నన్ను అడిగిన్రు. నేనేం చెప్త. వెరోనల నాలుగు దినాలు ఎక్కువైతయేమో అన్న. ఎందుకన్ననో వాళ్ళకు తెలవదు. నీకు గూడ తెలవదు.

నకలు పంపను. ఆ ఆలోచన ఇడిసిపెట్టు. నీ కాళ్ళు నేను మొక్కుత, పెద్దోన్ని అయినా.

మొన్న సార్ బూటు దారం ఒక చెయ్యి తోటి కట్టుకుంటుంటే ముడి పడలే. నేను వంగి కట్టిన. ఎవరైన కడతరు గదా.

జల్ది రాయి.

మొగిలి


బండమీదిగూడెం,
10-8-2025

మొగిలికి.

అన్న అని రాయలే, చూసుకో.

వాని బూటు కట్టినవ్. నా కొడుకు కాళ్ళు నలిగిన కాడనే నిలవడి వాని కాళ్ళకు ముడి వేసినవ్. నీ చేతులు ఇరగ!

రాజీ అంట. ఎవడు అడిగిండు రాజీ? నేనేమన్న వానికి చెయ్యి జాపినానా? నేను కొట్టిన. చూసే కొట్టిన, వాడు చూస్తుండంగనే కొట్టిన. కొట్టినోన్ని చూడలేదని వాడు కోర్టుల చెప్తే నా కొడుకు ఊరికె చచ్చినట్టు అయితది. ఏడేండ్లు పడనీ, పధ్నాలుగు పడనీ. నాకు బయట ఏమున్నది? మేక ఉన్నది. అది గూడ ముసలిదే.

పోచమ్మకు నీ ఉత్తరం దొరికింది. "నీ అన్న నీకోసమే గదనే చేస్తున్నడు" అన్నది. గిన్నె ఇసిరిన. నొసలు పగిలింది. నాలుగు కుట్లు. ఇగ నాతోటి మాట్లాడతలేదు. రాత్రికి అన్నం పెట్టి అవతలికి పోయి కూసుంటది. నేను గిట్ల అయితనని ఎన్నడన్న అనుకున్ననా? ఆమెను ముప్పై ఏండ్లల ఒక్క దెబ్బ కొట్టలే, నీకెరుకే. ఇది గూడ వాని లెక్కలనే.

నువ్వు చెయ్యవు. సరే. నేనే వస్త. కోర్టు వద్దంటే వద్దననీ. 20 నాడు విమానమంటివి. 19 పొద్దుగాల యార్డు గేటు కాడ ఉంట. సమ్మెటకు కొత్త పిడి ఏసిన, తుమ్మ కట్టె. దినాం బండ మీద కొట్టి చెయ్యి అలవాటు చేస్తున్న. ఈసారి భుజానికి పోదు.

నువ్వు అడ్డమొస్తే నువ్వు గూడ పోతవ్. రాసిపెట్టిన చూస్కో.

రాజు


బోరబండ,
17-8-2025

తమ్ముడు రాజుకు అన్న మొగిలి రాసేది.

ఇది చానా పొద్దు పట్టి రాసిన. మూడు కాయితాలు చింపిన. నా భాష మంచిగుండదు. ఎట్లుంటే అట్ల చదువు, ఆఖరి దాక చదువు. పోచమ్మను గూడ పిలువు, ఆమె వినాలె.

సురేంద్ర సార్‌ను కొట్టకు. ఆయన తప్పు లేదు. నాది.

నాకు చెవులు వినపడవు.

మాదాపూర్‌ల పెద్ద బిల్డింగులకు గుట్టలు పేల్చేటప్పుడు కుడి చెవు పోయింది. అది ఇరవై ఐదేండ్ల మాట. ఎడమది మెల్లగ పోయింది, రెండేండ్ల సంది ఏం లేదు. రజితకు తక్కువ వినపడతదనే తెలుసు. మనుషులు మాట్లాడేది నోరు చూసి తెలుసుకుంట. నేను ముందుగాల సంది మాట్లాడనోన్ని గదా, ఎవ్వరికి అనుమానం రాలే. మాట్లాడకపోతే సిగ్గనుకున్నరు.

మరి రాయి ఎట్ల వింటున్నవంటే, వింటలేను. సుత్తి కొడుతూ రెండో చెయ్యి రాయికి ఆనిచ్చి పెడుత. మంచి రాయి అయితే అరచేతుల జిల్లుమంటది. పాడుదైతే ఏం ఉండదు. పదిట్ల ఎనిమిది, తొమ్మిది సరిగనే చెప్పేటోన్ని. ఎవరికైన చెప్తే పని పోతది. పని కంటె ఎక్కువ, మొగిలి చెవు అంటే యార్డు మొత్తం ఆగి చూస్తది. నన్ను మనిషి లెక్క చూసేది ఆ ఒక్క గడియనే. అది ఇడువలేకపోయిన.

ఆ పొద్దు చలి. చేతులు మొద్దుబారినయి. కుమార్ పలకను ఎత్తనీకి బెల్టు ఏసి నా దిక్కు చూసిండు. నేను కొట్టిన. అరచేతుల ఏం తెలవలే. చలికి గట్లున్నదనుకున్న. వాడు "పెద్దనాయినా, తియ్యాల్నా?" అన్నడు. నోరు చూసిన. "తియ్యి బిడ్డా, మంచిదే" అన్న.

సార్ మెట్ల మీద నుంచి ఒర్లింది జల్ది ఎత్తమని కాదు. అవతల లారీ కాడున్నోళ్ళు ఎప్పటి తీరే జల్ది అన్నడనుకున్నరు. ఆయనకు సుత్తి సప్పుడు ఆడికి వినవడ్డది. బొదబొదమన్నదట. "ఆగు, ఆగు, పలక పాడుది" అని ఒర్లిండట, తర్వాత ఆయనే చెప్పిండు. నా ఈపు ఆయన దిక్కుండె. కుమార్‌కు వినవడ్డది. వాడు చేతులు ఆపి ఒకసారి సార్ దిక్కు చూసిండు, మళ్ళ నా దిక్కు చూసిండు. నేను తల ఊపిన, ఎందుకు ఆగినవ్ తియ్యి అన్నట్టు. యార్డుల పెద్దోని మాటే మాట గదా. వాడు నా మాట విన్నడు.

పలక నడుమ పగిలింది. ఎనకున్నది గూడ వచ్చి మీద పడ్డది. నేను మూడు అడుగుల అవతల ఉన్న. ఆ సప్పుడు నాకు వినపడలే రాజు. భూమి కాళ్ళ కింద ఒక్కసారి కొట్టుకున్నది. వాని నోరు తెరిచి ఉన్నది, నన్ను పిలుస్తున్నడు, నాకు ఏం వినపడలే. రక్తం నా చెప్పుల కిందికి వచ్చింది. వేడిగ ఉండె.

నువ్వు సమ్మెట తీస్కొని పోయిన నాడు చెప్పాలె. చెప్పలే. నీకు సంకెళ్ళు ఏసిన నాడు చెప్పాలె. సార్ గూడ నన్ను ఏం అనలే. నేను తప్పు విన్ననని అనుకున్నడు గని అసలే వినలేదని ఆయనకు తెలవదు. ఇటలీ పోయి మంచి దిమ్మలు చేతుల తోటే ఏరి నిన్ను ఇడిపిస్త అనుకున్న. గట్లయితే ఎవ్వరికి చెప్పకుండనే సరిపోతదనుకున్న. దొంగ ఆలోచన.

నిన్న సార్‌కు చెప్పిన. ముందుగాల నమ్మలే. నా ఎనక నిలవడి పిలిచిండట, గట్టిగ, నాలుగుసార్లు. ఉమాశ్రీ మేడమ్ ముందట ఉండె, ఆమె మొఖం చూస్తే తెలిసింది. సార్ నన్ను తిప్పి మంచి చెయ్యి తోటి చెంప మీద కొట్టిండు. కింద పడ్డ. లేచినంక మళ్ళ కొట్టిండు. పెదవి చిట్లింది. "నీ పాపానికి నా భుజం పోయిందిరా" అన్నడు. తర్వాత తనే కుర్చీల కూసుండి ఏడ్చిండు. మేడమ్ కాయితం తీసి నా పేరు కొట్టేసింది. రాయిని చూసే మిషన్ ఒకటున్నదట, దాన్ని పట్టుకొని వేరేటోడు పోతడట. మంచిదే.

నేను యే దేశం పోతలేను. సెప్టెంబరు 19 నాడు నువ్వు గేటు కాడికి రావొద్దు. ఆ దెబ్బ నాది, ఆయనది కాదు.

పోచమ్మ నొసటికి మందు పెట్టు. జల్ది రాయి.

మొగిలి


బండమీదిగూడెం,
23-8-2025

పోచమ్మకు చదివి వినిపించిన. ఆమె లేచి పోయి మేకను ఇప్పింది. అది యాడికో పోయింది.

ఇది అబద్ధమని రాయి.

వాన్ని కాపాడనీకి రాసినవ్. వాడు పక్కన కూసుండి రాపిచ్చిండు. నీకు గిన్ని మాటలు యాడ వస్తయి? నీ బతుకుల గింత ఉత్తరం రాసినవా? నా పెండ్లి నాడు మైకుల మాట్లాడమంటే పారిపోయినోనివి.

నా కొడుకు నిన్ను పెద్దనాయిన లెక్క చూడలే, నాయిన లెక్క చూసిండు. వాని మొదటి జీతం నీకే తెచ్చిచ్చిండు, నాకు కాదు. వాడు నిన్ను చూసి తీసిండా? నువ్వు తల ఊపితే తీసిండా?

పొద్దుగాల సంది బండ మీద సమ్మెట కొడుతున్న. కొత్త పిడి ఇరిగింది. అరచేతులు తోలు లేచి రక్తం కారుతున్నది, ఈ కాయితం మీద మరకలు అవే. ఇంకో పిడి చెక్కుత.

అబద్ధమని రాస్తే వాన్ని చంపుత. నిజమని రాస్తే నిన్ను చంపుత. రెండిట్ల ఒకటి. రాయి.


బోరబండ,
28-8-2025

తమ్ముడు రాజుకు అన్న రాసేది.

నిజమే.

ఎవ్వరు పక్కన కూసోలే. పోలీస్ స్టేషనుకు గూడ పోయి చెప్పిన. రాసుకున్నరు. మళ్ళ పిలుస్తమన్నరు. నీ కేసు నీదే, దాంతోటి దీనికి సంబంధం లేదన్నరు. సార్ రాజీ మాట ఎత్తలే, నేను అడగలే.

వచ్చే నెల 7, ఆదివారం, పొద్దుగాల బస్సుకు వస్తున్న. రజితకు పోచమ్మను చూడనీకి అని చెప్పిన. పోరి తను గూడ వస్తనంటే వద్దన్న. దాని పెండ్లి సంగతి పోచమ్మ చూస్తదని నాకు నమ్మకం.

నేనేం అడ్డం పెట్టను. ఎత్తిన చెయ్యి పట్టుకోను. ఒక్కటే అడుగుత. ఎనక నుంచి రాకు రాజు, నాకు వినపడదు. ముందట నుంచి రా. నువ్వు ఏమంటవో నీ నోరు చూసి తెలుసుకోవాలె. కుమార్ ఆఖరికి ఏమన్నడో నేను తెలుసుకోలే.

బస్సు స్టేజీ కాడ దిగాల్నా, ఇంటి దాక రావాల్నా? నీ ఇష్టం. ఆదివారం లోపల ఒక ముక్క రాయి. ఉత్తరం మూడు దినాల్ల వస్తది. జర జల్ది రాయి.

నీ అన్న,
మొగిలి